ఐదు శ్రుతి, ఏడు మాత్రలు: ఎన్‌సీసీ క్యాంపులో మా పాట

1997 మే నెలలో, తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాక, నేను ఎన్‌సీసీ వార్షిక శిక్షణ శిబిరానికి వెళ్లాను. విజయవాడ దగ్గర ఒక కాలేజీ ఆవరణలో పది రోజుల క్యాంపు. కృష్ణా, గుంటూరు జిల్లాల బళ్ల నుంచీ కాలేజీల నుంచీ వచ్చిన ఆడపిల్లలం దాదాపు ఆరువందల మందిమి. క్లాసురూముల్లో బెంచీలు తీసేసి జంపఖానాలు పరిచారు. గదికి పాతిక మంది, గోడవారగా ట్రంకు పెట్టెలు, పైన రెండు ఫ్యాన్లు. రోహిణీ కార్తె ఇంకా రానేలేదు, ఎండ మాత్రం అప్పటికే రోళ్లు పగిలేలా ఉంది.

ఒక బడి పిల్లలందరినీ ఒకే గదిలో ఉంచలేదు. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని కంపెనీలు చేసి అందరినీ కలగలిపారు. నేను చార్లీ కంపెనీలో పడ్డాను. ఒక్క ముఖమూ తెలియదు. మొదటి రోజు ఫాల్-ఇన్‌లో పేర్లు చదువుతుంటే ఒకే పేరు గలవాళ్లు నలుగురైదుగురు లేచారు. ఇక సాయంత్రానికల్లా మేం ఒకరినొకరం ఊరి పేరుతో పిలుచుకోవడం మొదలుపెట్టాం. నేను గుడివాడ. నా పక్క జంపఖానా మొవ్వ. దాని అవతల బందరు. కిటికీ దగ్గర రేపల్లె. ఇన్నేళ్ల తర్వాత కూడా ఫోనులో నా నోటికి ముందు వచ్చేది ఆ ఊరి పేర్లే.

పొద్దున్న ఐదింటికి విజిల్. మగ్గు పట్టుకుని టీ లైను, తర్వాత పీటీ, డ్రిల్. ఎండ ముదిరేలోపు గ్రౌండ్ పని అయిపోవాలి కాబట్టి ఎనిమిదింటిదాకా ఊపిరాడదు. ఆ తర్వాత చెట్ల కింద క్లాసులు: మ్యాపు చదవడం, ప్రథమ చికిత్స, .22 రైఫిల్ విప్పి మళ్లీ బిగించడం. జుట్టు ముడి చుట్టి నెట్ పెట్టాలి. మల్లెపూల కాలం అది, అయినా యూనిఫాం మీద పువ్వు పెట్టుకోకూడదు. గేటు బయట మూరలు అమ్ముతుంటే లోపలినుంచి వాసన పీల్చుకునేవాళ్లం. డ్రిల్ నేర్పే పీఐ స్టాఫ్‌ను, అంటే సైన్యం నుంచి వచ్చే శిక్షకులను, ఉస్తాద్ అనాలి. మా ఉస్తాద్ పంజాబ్ నుంచి వచ్చిన హవల్దారు. ఆయనకు తెలుగు రాదు, మాలో చాలామందికి హిందీ అంతంతమాత్రం. ‘బాయేఁ’ (ఎడమకు), ‘దాహినే’ (కుడికి) మాత్రం రెండో రోజుకల్లా నిద్రలో కూడా వచ్చేవి.

రోజూ ఎన్‌సీసీ గీతం పాడేవాళ్లం. సుదర్శన్ ఫాకిర్ రాసిన ‘హమ్ సబ్ భారతీయ హైఁ’. ఆరువందల గొంతులు ఒక్కసారి లేస్తే ఒళ్లు గగుర్పొడిచేది. అయితే మొదటి రెండు రోజులూ పాట చివరికి వచ్చేసరికి గ్రౌండంతా కలగాపులగం అయిపోయేది. ముందు వరసలు ‘జై హింద్’ దగ్గరుంటే వెనక వరసలు ఇంకా దాని ముందు మాట మీద ఉండేవి. అందరూ వెనకవాళ్లు బద్ధకంగా పాడుతున్నారనే అనుకున్నారు. మొవ్వ ఒక్కతే అంది, “వాళ్ల తప్పు కాదు. మైకు దగ్గర పాడింది వాళ్లకు ఆలస్యంగా వినిపిస్తోంది. వినిపించాక పాడితే ఇంకా ఆలస్యం.” లెక్క వేసుకుంటే నిజమే. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల అవతల ఉన్నవాళ్లకు సెకనులో మూడో వంతు తేడా వస్తుంది. కవాతు నడకలో అది సగం అడుగు కంటే ఎక్కువే. తను మేడమ్‌గారి దగ్గరికి వెళ్లి, ముందు ఒక సీనియర్ అక్కను ఎత్తుగా నిలబెట్టి చేత్తో తాళం వేయించమనీ, అందరూ చెవితో కాకుండా కంటితో తాళం పట్టుకోవాలనీ చెప్పింది. మర్నాటి నుంచి పాట ఒక్కటిగా ముగిసింది. పద్నాలుగేళ్ల పిల్ల అంత పెద్ద మైదానం శబ్దాన్ని చెవితో విప్పి చూడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు నుంచి నేను మొవ్వను వదల్లేదు.

తనది పాటల ఊరు. క్షేత్రయ్య పుట్టిన ఊరని చెప్పే మొవ్వ అదే. మువ్వగోపాలుడి పేర ఆయన కట్టిన పదాలు అక్కడివాళ్లకు ఇంటి సొత్తు. పక్కనే కూచిపూడి, వాళ్ల మేనమామ అక్కడ నట్టువాంగం, అంటే నాట్యానికి తాళాలతో జతులు, చెప్పేవాడు. జెండా రూపం గీసిన పింగళి వెంకయ్యగారి భట్లపెనుమర్రు కూడా వాళ్లకు దగ్గరే. జెండా ఎగరేసిన ప్రతిసారీ తను ఆ మాట చెప్పేది, మేం ప్రతిసారీ వినేవాళ్లం.

నాలుగో రోజు గ్రూప్ సాంగ్ పోటీ ప్రకటించారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు నిండబోతున్న ఏడాది కదా, దేశభక్తి పాటే పాడాలి. కంపెనీకి పన్నెండు మంది. రంగస్థలం మీదకు వచ్చే తీరుకు కూడా మార్కులు ఉంటాయన్నారు.

పాట ఎంచుకోవడానికే ఒక రోజు పట్టింది. బందరు వాళ్ల బడి బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించేది, దానికి మార్చింగ్ పాటే కావాలి. రేపల్లె ఎక్కడా సంగీతం నేర్చుకోలేదు, కానీ నాట్లప్పుడు వాళ్ల నాయనమ్మ పాడే పాటలు బోలెడు వచ్చు. గొంతు విప్పితే మెస్ దాకా వినిపించేది. “మనకు రాని భాషలో ఎందుకు, తెలుగులో పాడదాం” అని పట్టుబట్టింది అదే. నేను ‘దేశమును ప్రేమించుమన్నా’ అన్నాను. అది అందరికీ నోటికి వచ్చు, మళ్లీ నేర్చుకునే పని లేదు. ఆ గీతం మొదట అచ్చయింది కృష్ణా పత్రికలో, 1913లో. ఆ పత్రిక బందరుదే. ఈ సంగతి మా తెలుగు మాస్టారు చెప్పగా నాకు తెలుసు. చెప్పగానే బందరు ముఖం వెలిగిపోయింది. “అయితే మా ఊరి పాటే” అని ఒప్పుకుంది. గురజాడ విజయనగరంలో రాసిన పాట అలా మా గదిలో బందరు పాట అయిపోయింది.

అసలు పని అప్పుడు మొదలైంది. బందరు బోర్లించిన బకెట్ మీద కవాతు దెబ్బ వేసింది, మేం పాడాం. రెండో మాటకే పాట ఒక దారి, దెబ్బ ఒక దారి. మళ్లీ మళ్లీ పాడాం. ఎక్కడో ఒకచోట జారిపోతోంది. బడిలో ఈ పాటను మేం ఎప్పుడూ గబగబా, తాళం లేకుండా అప్పజెప్పినట్టు పాడాం కాబట్టి ఎవరికీ తెలియలేదు. మొవ్వ నేల మీద కూర్చుని వేళ్లతో లెక్కపెట్టి, “ఇది నాలుగు కాదే, ఏడు” అంది.

గురజాడ ముత్యాల సరం ఛందస్సు నడక అది. దేశ, మును ప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. మంచి, యన్నది, పెంచు, మన్నా. అదే లెక్క. ‘తకిట తకధిమి’ అని చెప్పుకుంటూ పాడితే మాట మాటా తన చోట తాను కూర్చుంటుంది. మిశ్రచాపు తాళం అంటే ఇదేననీ, క్షేత్రయ్య పదాల్లో చాలా వాటికి ఈ ఏడు మాత్రల లెక్కేననీ మొవ్వ చెప్పింది. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’ దగ్గర చివర రెండు మాత్రలు తక్కువ పడతాయి, ఆ ‘వోయ్’ను లాగి నింపాలి. ఆ లాగడంలోనే పాటకు దమ్ము వస్తుంది. చిన్నప్పటినుంచీ పాడుతున్న పాట లోపల ఇంత కట్టుబాటు ఉందని తెలిసిన ఆ మధ్యాహ్నం నేను అన్నం మానేసినా గుర్తుండేది కాదేమో. మెస్ లైనులో ప్లేటు మీద వేళ్లతో అదే వేసుకుంటూ నిలబడ్డాను. నా ముందున్న అమ్మాయి కూడా వేయడం మొదలుపెట్టింది, తను మా కంపెనీ కూడా కాదు.

బందరుకు మాత్రం దిగులు. ఏడు బేసి సంఖ్య, కాళ్లు రెండు. ఏడుకు కవాతు చేస్తూ స్టేజీ ఎక్కడం కుదరదు. అందరం దాని కవాతు ఆశ వదిలేశాం. అది వదల్లేదు. ఆ సాయంత్రం రెస్ట్ టైములో వరండా పొడుగునా ఒక్కతే నడుస్తూ పాడుకుంది. కాసేపటికి పరుగెత్తుకొచ్చి మమ్మల్ని లాక్కెళ్లింది. మాత్రకు ఒక అడుగు వేస్తే, మొదటి ఏడు ఎడమ కాలితో మొదలవుతుంది, రెండో ఏడు కుడి కాలితో. పాదానికి, అంటే పాటలో ఒక వరసకు, మొత్తం పద్నాలుగు. అంటే ప్రతి పాదమూ మళ్లీ ఎడమ కాలి మీదే ఎత్తుకుంటుంది! తేజ్‌చల్, అంటే మామూలు కవాతు నడక, వేగం నిమిషానికి దాదాపు 120 అడుగులు, ఆ లెక్కన పాదానికి ఏడు సెకన్లు. పాడటానికి సరిగ్గా సరిపోయింది. మర్నాడు ఉస్తాద్‌కు చూపించాం. ఆయన మొదట వద్దన్నాడు, పాడుతూ నడిస్తే అడుగు తప్పుతుందని. మేం నడిచి చూపించినంతసేపూ ‘ఏక్ దో, ఏక్ దో’ అంటూ పక్కనే నడిచాడు. నాలుగు పాదాలూ ఎడమ కాలి మీదే మొదలయ్యేసరికి ఆగి, “ఫిర్ సే”, మళ్లీ ఒకసారి, అన్నాడు. మళ్లీ పాడించుకుని విన్నాడు. ఆ తర్వాత మా రిహార్సల్‌కు అడ్డు చెప్పేవాళ్లకు ఆయనే సమాధానం చెప్పేవాడు.

ఇక శ్రుతి. హార్మోనియం లేదు, శ్రుతి పెట్టె లేదు. ఎత్తుకున్న ప్రతిసారీ పాట వేరే స్థాయిలో మొదలయ్యేది. ఒకసారి పైకి వెళ్లలేక కీచుమనేవాళ్లం, ఒకసారి కింద మాటలు వినిపించేవే కావు. నీళ్ల ట్యాంకు వెనక ఇనుప కంచె లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. బకెట్లు నింపుకోవడానికి వెళ్లినప్పుడు మొవ్వ ఉన్నట్టుండి నిలబడిపోయి సన్నగా ‘సా’ పట్టింది. “వినండి, ఇది ఐదు శ్రుతిలో ఉంది. ఒక పిసరు ఎక్కువ” అంది. ఐదు శ్రుతి అంటే హార్మోనియం మీద ఐదో తెల్ల మెట్టు. ఆ హోరులో మాకేమీ తెలియలేదు. తను పాడిన ‘సా’ను మేమూ పట్టుకున్నాక, నిజంగానే ఆ హోరు మా గొంతుల కింద ఆనుకున్నట్టు అనిపించింది.

అది వట్టి ఊహ కాదని తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినప్పుడు తెలుసుకున్నాను. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకులు ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు అతి సూక్ష్మంగా సాగి ముడుచుకుంటాయి. అందుకే హోరు సెకనుకు 100 కంపనాలు. ఐదు శ్రుతి, కింది స్థాయిలో, 98 కంపనాలు. దాని పై మెట్టు, ఐదున్నర, దాదాపు 104. మొవ్వ చెప్పిన ‘ఒక పిసరు ఎక్కువ’ ఆ రెండు కంపనాలే. క్లాసులో ఆ లెక్క బోర్డు మీద పడగానే నాకు కళ్లు చెమర్చాయి. ఆ రాత్రే తనకు ఇన్‌లాండ్ లెటర్ రాశాను.

అలా కంచె బయట, వేపచెట్టు నీడలో, రోజూ సాయంత్రం మా రిహార్సల్. వేసవి కాబట్టి కరెంటు తరచూ పోయేది. హోరు ఆగిపోయేది. మొదట్లో అప్పుడు మేమూ ఆగిపోయాం. మొవ్వ ఆగనిచ్చేది కాదు, పాడుతూనే ఉండమనేది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు హోరుతో మా ‘సా’ కలిసిందా లేదా అని చూసుకోవాలి. మొదటిసారి బాగా కిందికి జారి ఉన్నాం. తర్వాత తర్వాత ఆ జారుడు తగ్గింది. ఒక సాయంత్రం చాలాసేపు కరెంటు రాలేదు, చీకటి పడిపోయింది, పాట ఎన్నిసార్లు తిరిగిందో. వచ్చినప్పుడు హోరు సరిగ్గా మా గొంతుల్లోకే వచ్చి చేరింది. పన్నెండు మందిమీ ఒకళ్లనొకళ్లం పట్టుకుని గంతులేశాం. నా పదిహేనేళ్ల లోపు జీవితంలో అంత సంతోషం ఇంకోటి గుర్తులేదు.

రేపల్లె గొంతు ఇంకో చిక్కు. అది పాడితే మిగతా పదకొండు మందీ వినిపించరు. ఎవరో దాన్ని నెమ్మదిగా పెదవులు కదపమన్నారు. అది ఏమీ అనకుండా వెళ్లి వరస చివర నిలబడింది. మొవ్వకు కోపం వచ్చింది, దాన్ని అలా చూడటం నేను అదొక్కసారే. అందరినీ కళ్లు మూసుకోమంది. “మీకు కుడిపక్క మనిషి, ఎడమపక్క మనిషి వినిపించాలి. వినిపించకపోతే మీరు ఎక్కువ పాడుతున్నట్టు. మీ గొంతు మీకే వినిపించకపోతే తక్కువ పాడుతున్నట్టు. అంతే.” రేపల్లెను తీసుకొచ్చి నడిమధ్యలో నిలబెట్టింది. అలా పాడినప్పుడు రేపల్లె దానంతట అదే తగ్గింది, మేం మా అంతట మేమే పెరిగాం. ‘వోయ్’ లాగే చోట మాత్రం దాన్ని పూర్తిగా వదిలిపెట్టమంది మొవ్వ. ఆ గొంతు అక్కడ లేచిందంటే మిగతావాళ్లందరికీ ఊపిరి పోసినట్టుండేది. కళ్లు మూసుకుని ఒక మనిషి ఊపిరి పీల్చడం విన్నాక, ఆ మనిషితో చిన్న చిన్న పేచీలు నిలవవు. మా గదిలో నీళ్ల బకెట్ల కోసం, ఫ్యాను కింద చోటు కోసం జరిగే గొడవలు ఆ వారంలో ఎక్కడికి పోయాయో పోయాయి.

డ్రిల్‌లో అరిచి అరిచి అందరి గొంతులూ బొంగురుపోయాయి. మొవ్వ ట్రంకు పెట్టెలో కరక్కాయ ముక్కలూ పటికబెల్లమూ ఉన్నాయి. కరక్కాయ బుగ్గన పెట్టుకుని వగరు నీళ్లు మింగుతూ మ్యాపు క్లాసులో కూర్చునేవాళ్లం. పోటీ అయ్యేదాకా ఆవకాయ తినొద్దని కూడా ఆజ్ఞ. ఎదురుగా రేపల్లె తెచ్చిన కొత్తావకాయ జాడీ, మెస్‌లో చప్పటి పప్పు. ఆ ఆజ్ఞను పాటించడం రైఫిల్ మోయడం కంటే కష్టమైంది.

పోటీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎడమ కాలితో స్టేజీ ఎక్కాం, పద్నాలుగు అడుగులకు ఒక పాదం, తప్పలేదు. మొదటి బహుమతి డెల్టాకు, రెండోది మాకు. డెల్టా వాళ్లు నిజంగా చాలా బాగా పాడారు, వాళ్ల పాటలో రెండు గొంతుల వరసలు విడిపోయి కలిసేవి. వెంటనే వెళ్లి అదెలా చేశారో అడిగి నేర్చుకున్నాం. గదికి వచ్చి ఆవకాయ జాడీ మూత తీశాం.

ఆఖరి రాత్రి బడా ఖానా అనే విందు, క్యాంప్ ఫైర్. మంట చుట్టూ ఆరువందల మందిమీ కూర్చున్నాం. ఒక్కో కంపెనీ తన పాట పాడుతోంది. మా వంతు వచ్చినప్పుడు మేం పన్నెండు మందిమీ లేచామో లేదో, మొదటి పాదం అయ్యేసరికి మైదానమంతా అందుకుంది. అందరికీ వచ్చిన పాటే కదా. మొవ్వ మంట ఎదురుగా ఎత్తుగా నిలబడి చెయ్యి ఎత్తి మూడు, నాలుగు, మూడు, నాలుగు వేసింది. వెనక వరసలు దాని చేతిని చూసి పాడాయి. ‘వోయ్’ దగ్గర ఆరువందల గొంతులు లాగాయి. రేపల్లె గొంతు అప్పుడు కూడా విడిగా వినిపించింది నాకు. ఉస్తాద్ దూరంగా నిలబడి కాలు వేస్తున్నాడు.

తర్వాత అందరిలాగే అడ్రసులు రాసుకున్నాం, ఏడ్చాం, బస్సులెక్కాం. మరుసటి వేసవిలో నాకు క్యాంపు కుదరలేదు, పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. రేపల్లె, బందరు మళ్లీ వెళ్లారు. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. మొవ్వ తన ఉత్తరాల్లో ఏదో ఒక పాటకు స్వరం రాసి పంపేది. దాన్ని పాడుకోవడానికి నేను ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి ‘సా’ తెచ్చుకునేదాన్ని. ఉత్తరాలు పోయి ఫోన్లు, ఫోన్లు పోయి వాట్సాప్ వచ్చాయి. మొవ్వ ఇప్పుడు పిల్లలకు సంగీతం చెబుతోంది. రేపల్లె పెళ్లయ్యాక ఖమ్మం వైపు వెళ్లింది, వాళ్ల నాయనమ్మ పాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఉంచింది.

ఈ ఏడాది బందరు కూతురు ఎన్‌సీసీలో చేరింది. వేసవిలో క్యాంపు, గ్రూప్ సాంగ్ ఉందట. ఏం పాడాలో అమ్మను అడిగిందట. వారం రోజులుగా మా నలుగురి మధ్యా అదే చర్చ. బందరు మళ్లీ మార్చింగ్ పాటే అంటోంది. రేపల్లె నాట్ల పాటను దేశం మీదకు మార్చి కట్టిస్తానంటోంది, రెండు చరణాలు పాడి ఆడియో కూడా పంపింది. మొవ్వ మాత్రం ముందు ఆ పిల్లల గొంతులు వినందే పాట చెప్పనంది. ఆదివారం వీడియో కాల్‌లో వాళ్లందరితో ‘సా’ పాడించి వినబోతోంది.